మార్పునకు సమయమెరిగిన సేవకుడు: ఆంథోని నోరిస్ గ్రోవ్స్ గారి జీవితము

మన అధ్యక్ష మండల శతాబ్ది సందర్భముగా, ఈ డెల్టా ప్రాంతమునకు సువార్త వెలుగును తెచ్చిన పెద్దలను కృతజ్ఞతతో తలంచుకొనుట మనకు తగియున్నది. నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో బౌడెన్ దొరగారి పేరు, బీర్ దొరగారి పేరు వినని క్రైస్తవ కుటుంబము అరుదు. అయితే ఆ ఇద్దరినీ ఇంగ్లండులో కనుగొని, ప్రోత్సహించి, తమతో కూడ ఓడనెక్కించి తెచ్చినవారిని గూర్చి మన సంఘస్థులలో కొందరికే తెలియును. వారే ఆంథోని నోరిస్ గ్రోవ్స్ గారు. వారు మన మండలమునకు చెందినవారు కారు. పైగా మన అధ్యక్షుల ఏర్పాటునుండియు, మన ఆరాధన క్రమమునుండియు వైదొలగిన వారు. అయినను ఆయన జీవితమునుండి మనము నేర్చుకొనవలసిన పాఠమొకటి కలదని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

జీవిత విధానమును మార్చుకొనవలసిన సమయము వచ్చినదని విశ్వాసి ఎట్లు గుర్తించవలెను? ఇదే మన ప్రశ్న. ఉద్యోగము మానవలెనా, ఊరు విడువవలెనా, దూర దేశమునకు పోవలెనా, ఇంతకాలము చేసిన పనిని మరియొకరి చేతిలో పెట్టవలెనా అని మా యొద్దకు వచ్చి అడుగువారు ఏటేట పెరుగుచున్నారు. మార్పు మంచిదని ఊరక చెప్పుట సులభము, నిలిచియుండుట మంచిదని చెప్పుట కూడ సులభమే. ఏది ఎప్పుడో గ్రహించుట కష్టము. గ్రోవ్స్ గారు తమ జీవితములో అనేక పర్యాయములు మారిరి. కొన్నిసార్లు సమయమెరిగి మారిరి, కొన్నిసార్లు కదలక నిలిచిరి, ఒకసారి మాత్రము తప్పు త్రోవ పట్టిరి. మూడింటిలోను మనకు బోధ కలదు.

గ్రోవ్స్ గారు 1795వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన ఇంగ్లండు దేశములో హాంప్‌షైర్ ప్రాంతమందలి న్యూటన్ వాలెన్స్ అను గ్రామములో జన్మించిరి. లండనులో తమ మేనమామ వరుసవారి యొద్ద పండ్ల వైద్యము నేర్చుకొని, ఇరువది యేండ్లయినను నిండక మునుపే ప్లిమత్ రేవు పట్టణములో వైద్యము ప్రారంభించిరి. 1816లో తమ బంధువు మేరీ బెథియా గారిని వివాహము చేసికొని, పిమ్మట ఎక్సిటర్ నగరములో స్థిరపడిరి. చేయి మంచిదని పేరు వచ్చెను. ఏటికి వెయ్యి పౌనులకు మించిన ఆదాయము, మంచి ఇల్లు, పిల్లలు, ఊరిలో గౌరవము, అన్నియు సమకూడెను. ఆ కాలములో అది సామాన్యమైన సంపాదన కాదు.

అయినను యౌవనమునుండియే ఆయన హృదయములో మిషనరీగా వెళ్ళవలెనను కోరిక యుండెను. ఆ మాట భార్యతో చెప్పగా ఆమెకు అది ఏమాత్రము ఇష్టము కాలేదు. ఇక్కడనే మనము ఆగి గమనింపవలెను. ఆ దినములలో ఇంటి యజమాని మాటకు ఎదురు లేదు. ఆయన పట్టుబట్టియుండినచో ఆమె కన్నీటితోనైనను వెంట వెళ్ళియుండెడిదే. గ్రోవ్స్ గారు ఆ పని చేయలేదు. పిలుపు దేవునిదైనచో ఇద్దరిని ఏకశరీరముగా చేసిన దేవుడు ఇద్దరికిని దానిని వినిపించునని కనిపెట్టుచు, ఏండ్ల తరబడి తన వైద్యము తాను చేసికొనుచుండిరి.

ఆ కనిపెట్టుట ఊరక కూర్చుండుట కాదు. తమ ఆదాయములో మొదట పదియవ వంతు దేవునికి ప్రత్యేకించిరి. తరువాత నాలుగవ వంతు ఇచ్చిరి. చివరకు ఇంటి అవసరములకు పోను మిగిలినదంతయు బీదలకును దేవుని పనికిని ఇచ్చివేయుటకు భార్యాభర్తలు ఏకమనస్కులైరి. ఆ ధర్మమును పంచుటకై మేరీ గారు ఎక్సిటర్ బీదల ఇండ్లకు స్వయముగా వెళ్ళసాగిరి. రోగులను, ఆకలిగొన్న బిడ్డలను కన్నులార చూచిన కొలది ఆమె మనస్సు మెత్తబడెను. భర్త వాదించి సాధింపలేని దానిని బీదల గుడిసెలు సాధించెను. 1825 నాటికి మిషను సేవకు వెళ్ళుదమను విషయములో ఆమె భర్తకు తోడుగా నిలిచెను. ఆ సంవత్సరమే గ్రోవ్స్ గారు క్రైస్తవుని సమర్పణను గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రచురించిరి. విశ్వాసి ధనము కూడబెట్టరాదని అందులో వాదించిరి. ముందు తాము చేసి చూపి, పిమ్మట వ్రాసిరి గనుక ఆ పుస్తకమునకు బలము కలిగెను.

పెద్ద మార్పునకు ముందు చిన్న చిన్న మార్పులు వచ్చుటను ఇందులో మనము చూచుచున్నాము. ఉన్నచోట ఉదారముగా ఇయ్యలేనివాడు దూర దేశమునకు పోయినంత మాత్రమున ఉదారుడు కాడు.

చర్చి మిషనరీ సొసైటీ ద్వారా వెళ్ళుటకు, గురువుగా అభిషేకము పొందవలెనని గ్రోవ్స్ గారు డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో చేరిరి. ఎక్సిటర్‌లో నివసించుచు, పరీక్షల సమయములో మాత్రము ఓడలో ఐర్లండు వెళ్ళి వచ్చుచుండిరి. వేదపఠనము చేయుచుండగా, సువార్త ప్రకటించుటకు మనుష్యుల అనుమతి అవసరమా అను సంశయము ఆయనకు కలిగెను. స్నేహితులు కొందరు ఇక డబ్లిన్ వెళ్ళనక్కరలేదని చెప్పుచుండిరి. ఆయన తేల్చుకొనలేకుండిరి. ఒక రాత్రి ఇంటిలో దొంగలు పడి, డబ్లిన్ ప్రయాణమునకై దాచిన 40 పౌనులను ఎత్తుకొనిపోయిరి. పన్ను కట్టుటకై ఉంచిన 16 పౌనులు మాత్రము మిగిలెను. ఆయన దానిని దేవుని నడిపింపుగా గైకొని, చదువు మానుకొనిరి. కొంత కాలమునకు, అభిషేకము లేనివారు ప్రభురాత్రి భోజనము ఇయ్యరాదను నియమము మూలముగా ఆ సొసైటీతో కూడ సంబంధము వదలుకొని, ఏ జీతము లేక, దేవుని మీదనే ఆధారపడి వెళ్ళ నిశ్చయించిరి.

మేము అభిషేకము పొందిన కాపరులము. ఆ ఏర్పాటు సంఘమునకు క్షేమకరమని నమ్ముచున్నాము. కాబట్టి గ్రోవ్స్ గారి ఈ నిర్ణయముతో మేము పూర్తిగా ఏకీభవింపము. కాని ఆయన నిర్ణయించుకొనిన విధమును గౌరవించుచున్నాము. దొంగతనము జరిగినది గనుక చదువు మానలేదు. అంతకు ముందే వాక్యములో వెదకిరి, ప్రార్థించిరి, భక్తిగల స్నేహితుల మాట వినిరి. ఆ తరువాత వచ్చిన సంఘటన ఆ త్రాసును ఒక ప్రక్కకు వంచెను. మనలో కొందరు ఒక కలనో, ఒక నష్టమునో, ఎవరో పలికిన ఒక మాటనో పట్టుకొని జీవితమునంతటిని మార్చివేసికొందురు. వెలుపలి గురుతు లోపలి నిశ్చయమునకు తోడుగా రావలెనే గాని, దానికి బదులుగా రాకూడదు.

1829వ సంవత్సరము జూన్ 12వ తేదీన గ్రోవ్స్ గారు భార్యతోను, హెన్రీ, ఫ్రాంక్ అను ఇద్దరు కుమారులతోను, మరికొందరితోను ఓడనెక్కిరి. వారిలో పిల్లలకు ఉపాధ్యాయుడుగా వచ్చిన జాన్ కిట్టో అను చెవిటి యువకుడు ఉండెను. అతడు తరువాత బైబిలు పండితుడుగా ప్రసిద్ధి కెక్కెను. వారు రష్యా దేశము మీదుగా బండ్లలోను గుర్రముల మీదను ప్రయాణము చేసి, డిసెంబరు 6వ తేదీన బాగ్దాదు చేరిరి. అక్కడ ఆర్మేనియా క్రైస్తవుల బిడ్డలకు పాఠశాల తెరచిరి.

1831లో బాగ్దాదు మీద మూడు ఉపద్రవములు వెంటవెంట వచ్చి పడెను. మొదట ప్లేగు. తరువాత టైగ్రిస్ నది పొంగి గోడలు తెగి, వేలాది ఇండ్లు కూలెను. ఆ పిమ్మట టర్కీ సుల్తాను సైన్యము పట్టణమును ముట్టడించెను. నగర జనులలో సగముమందికి పైగా మరణించిరని చెప్పుదురు. ప్లేగు మొదలైనప్పుడు బ్రిటిషు రెసిడెంటు టేలర్ గారు బస్రాకు వెళ్ళుచు, గ్రోవ్స్ కుటుంబమును కూడ రమ్మని పిలిచిరి. వెళ్ళిపోవుటకు అంతకంటె తగిన కారణము ఏమి కావలెను? అయినను భార్యాభర్తలు ప్రార్థించి, దేవుడు అప్పగించిన జనులను ఆపదలో విడిచిపోరాదని నిలిచిపోయిరి. మే 14వ తేదీన మేరీ గారు ప్లేగుతో మరణించిరి. ఆగస్టులో పసిబిడ్డయగు కుమార్తె కూడ గతించెను. పాఠశాల బిడ్డలలో అనేకులు మట్టిలో కలిసిరి.

నిలిచియుండుట సరియైనదేనా? భార్యాబిడ్డలను సమాధిలో పెట్టిన మనుష్యుని ముందు నిలువబడి దీనికి సులువైన జవాబు చెప్పుటకు మాకు ధైర్యము చాలదు. ఒకటి మాత్రము చెప్పగలము. ఆయన శ్రమను మార్పునకు గురుతుగా ఎంచలేదు. కష్టము వచ్చినది కాబట్టి దేవుడు వెళ్ళిపొమ్మనుచున్నాడని మనము తొందరపడి అనుకొందుము. సుఖముగా ఉన్నప్పుడు ఎక్సిటర్‌ను విడిచిన ఆయన, మరణము వీధిలో తిరుగుచున్నప్పుడు బాగ్దాదును విడువలేదు. మనలో చాలమంది చేయునది దీనికి తలక్రిందులు.

1832లో ఇంగ్లండు, ఐర్లండులనుండి బయలుదేరిన తోడి సేవకులు బాగ్దాదు చేరిరి. 1833లో ఒక అతిథి వచ్చెను. సెలవు ముగించుకొని భూమార్గమున ఇండియాకు తిరిగి వచ్చుచున్న ఇంజనీరు, భక్తిగల సైనికాధికారి. ఆయనే మనకందరికి సుపరిచితులైన ఆర్థర్ కాటన్ గారు. అప్పటికి ధవళేశ్వరము ఆనకట్ట ఆలోచన ఇంకను పుట్టలేదు. పని చేయుటకు బాగ్దాదులో ఇతరులు ఉన్నారు, ఇండియా ద్వారము తెరచుకొనుచున్నది. ఆ సంవత్సరపు చార్టరు చట్టముతో మిషనరీలకు ఇండియా ప్రవేశము మునుపటికంటె సులభమాయెను. గ్రోవ్స్ గారు అన్నిటిని తెంచుకొని రాలేదు. చూచి రావలెనని కాటన్ గారితో కలిసి బొంబాయికి వచ్చిరి. అట్లు చూడ వచ్చిన దేశమే ఆయనకు చివరి సేవాస్థలమాయెను. ముందు వెళ్ళి చూచి, లెక్కించుకొని, ఆ తరువాత నిశ్చయించుకొనుట అవిశ్వాసము కాదు. గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కించుకొనవలెనని మన ప్రభువే నేర్పెను గదా.

ఆయన తిరునెల్వేలిలో రేనియస్ గారి సంఘములను, సిలోనులోని జాఫ్నా మిషనును, కలకత్తాను సందర్శించిరి. 1834లో కలకత్తాలో అలెగ్జాండర్ డఫ్ గారు తీవ్రముగా జబ్బుపడగా, ఆయనకు పరిచర్య చేయుచు స్కాట్లండు వరకు వెంట వెళ్ళిరి. 1835లో హేరియట్ బెయిన్స్ గారిని వివాహము చేసికొనిరి. ఇండియాకు సేవకులు కావలెనని ఇంగ్లండులోను, స్విట్జర్లండులోను సంఘములకు విజ్ఞప్తి చేసిరి. డెవన్ ప్రాంతములో బార్న్‌స్టేపుల్ అను ఊరినుండి ఇద్దరు యువకులు భార్యలతో సహా ముందుకు వచ్చిరి. విలియం బౌడెన్ గారు రాతి పని మేస్త్రి, జార్జి బీర్ గారు బూట్లు కుట్టువారు. మిషను సొసైటీ లేదు, నియమితమైన జీతము లేదు. 1836 ఏప్రిలులో అందరును ఓడనెక్కి జూలైలో మద్రాసు చేరిరి. అదే ఓడలో గ్రోవ్స్ గారి కుమారులకు ఉపాధ్యాయుడుగా వచ్చిన హెర్మన్ గుండర్ట్ గారు పిమ్మట బాసెల్ మిషనులో చేరి, మలయాళ నిఘంటువును కూర్చి 1872లో ప్రచురించిరి.

బౌడెన్, బీర్ దొరలు కుటుంబములతో మచిలీపట్నమునకు వచ్చి తెలుగు నేర్చుకొని, అక్కడినుండి నరసాపురమునకు వచ్చిరి. చర్చి మిషనరీ సొసైటీవారైన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ గారలు మచిలీపట్నము చేరినది 1841లో. అనగా మన సంఘమునకు వేరు వేసిన వారికంటె ముందే ఈ ఇద్దరు వశిష్ఠ గోదావరి ఒడ్డున కాపురముండిరి. అవి కరవు దినములు. 1821లో 7 లక్షల 38 వేలుగా ఉన్న రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు తగ్గిపోయెను. అట్టి నేలకు, అట్టి జనుల మధ్యకు వారు వచ్చిరి. తోలు పని చేయువానిని ఊరి వెలుపల ఉంచిన సమాజములో, బూట్లు కుట్టిన చేతులతో ఒక దొర బైబిలు పట్టుకొని నిలిచెను. దాని అర్థము మన మాలపల్లెలకును మాదిగపల్లెలకును వేరుగా విప్పి చెప్పనక్కరలేదు. 1847నుండి 1852 వరకు కాటన్ గారు ధవళేశ్వరము ఆనకట్ట కట్టించుచుండగా, అక్కడ చేరిన వేలాది కూలీలకు ఈ మిషనువారు సువార్త వినిపించిరి. బాగ్దాదునుండి కలిసి ప్రయాణము చేసిన ఇద్దరి పనులు ఈ విధముగా మన గోదావరి యొద్ద మరల కలిసెను.

గ్రోవ్స్ గారు మాత్రము నరసాపురములో స్థిరపడలేదు. తాము తెచ్చినవారిని ఇక్కడ పని చేయనిచ్చి, మద్రాసులో మరల పండ్ల వైద్యము చేసి కుటుంబమును పోషించుకొనిరి. ఎన్నడో విడిచిన వృత్తిని మరల చేపట్టుటకు ఆయన సిగ్గుపడలేదు. విడుచుట ఒక కాలమున విధేయత అయినట్లే, తిరిగి చేపట్టుట మరియొక కాలమున విధేయత కావచ్చును.

1837లో చిత్తూరు చేరిరి. అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టినట్లు, సేవకులు స్వంత కష్టముతో జీవింపవలెనని తలంచి, అక్కడ పొలము తీసికొని సేద్యము, పట్టుపురుగుల పెంపకము ప్రారంభించిరి. ఉద్దేశము మంచిది. మొదట బాగుగనే సాగెను. అది చూచి, పనిని పెంచుటకు అప్పు చేసిరి. పట్టుపురుగులు నాశనమయ్యెను, అప్పు మిగిలెను. దానిని తీర్చుటకై ఏండ్ల తరబడి వ్యాపారపు చిక్కులలో పడి, సువార్తకు ఇయ్యవలసిన బలమునంతటిని అక్కడ వ్యయపరచిరి. ఇది తమ పొరబాటని తరువాత వారే బాధపడిరి.

ఈ కథ మన డెల్టావారికి క్రొత్తదా? వరి చేలను త్రవ్వి, అప్పు తెచ్చి రొయ్యల చెరువులు వేసినవారికి మొదటి పంటలు బంగారము పండించెను. 1994, 1995 సంవత్సరములలో తెగులు వచ్చి కోస్తా పొడవున చెరువులు ఖాళీ అయినప్పుడు ఎన్ని కుటుంబములు చితికిపోయెనో మన సంఘములు ఎరుగును. క్రొత్త పని మొదలుపెట్టుట తప్పు కాదు. మొదటి ఫలమును చూచి, ఇక ఆగనక్కరలేదని తలంచుట తప్పు. గ్రోవ్స్ గారు ఎక్సిటర్‌లో పదియవ వంతునుండి మొత్తము వరకు మెట్టు వెంబడి మెట్టు ఎక్కిరి. చిత్తూరులో ఒక మెట్టు మీదనుండి పైకి దుమికిరి. మొదటిదానిలో ఇచ్చుట పెరిగెను, రెండవదానిలో తీసికొనుట పెరిగెను. మనము చేయదలచిన మార్పు ఈ రెండింటిలో ఏ జాతికి చెందినదో పరీక్షించుకొనినచో చాల ప్రమాదములు తప్పును.

1852లో ఆరోగ్యము పాడై ఇంగ్లండుకు తిరిగి వెళ్ళి, 1853వ సంవత్సరము మే 20వ తేదీన బ్రిస్టల్ నగరములో తమ సోదరి భర్తయగు జార్జి ముల్లర్ గారి ఇంట 58వ యేట ప్రభువునందు నిద్రించిరి. అనాథ బిడ్డల పోషకులుగా లోకప్రసిద్ధి పొందిన ముల్లర్ గారు జీతము మాని దేవునిపై ఆధారపడుటకు, గ్రోవ్స్ గారు లాభకరమైన వైద్యమును విడిచిన మాదిరియే ప్రోత్సాహకరమాయెను. చనిపోవు నాటికి గ్రోవ్స్ గారు తమ పేర ఒక సంస్థను స్థాపింపలేదు. తమ జీవితము చాలవరకు విఫలమైనదని కూడ ఆయన తలంచిరి. అప్పటికి నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో సంఘములు వేళ్ళూనుచుండెను.

ప్రియ సహోదర సహోదరీలారా, ఈ జీవితమును మనము మక్కికి మక్కిగా అనుకరింపనక్కరలేదు. అందరును వృత్తి మానవలెనని ప్రభువు కోరడు. కాని నిర్ణయింపవలసిన దినము మనలో ప్రతివానికి వచ్చును. గల్ఫు దేశమునకు పోవుటకు ఏజెంటుకు సొమ్ము కట్టబోవు తల్లి, బిడ్డలను ఎవరి యొద్ద విడుచుచున్నదో, ఇంటిలోనివారి మనస్సు ఏకమైనదో లేదో ముందు చూచుకొనవలెను. త్రాగుడు మానుటకు మంచి దినము కొరకు కనిపెట్టు సహోదరుడు, అందుకు నేటికంటె వేరు సమయము లేదని గుర్తెరుగవలెను. ఏలయనగా పాపమును విడుచుటకు పిలుపు ఎప్పుడో వచ్చియున్నది, గురుతుల కొరకు వేచియుండనక్కరలేదు. ఇరువది ముప్పది యేండ్లు సంఘ పెద్దగానో కోశాధికారిగానో పాటుపడిన మన పెద్దలు, గ్రోవ్స్ గారు బౌడెన్, బీర్ దొరలకు చేసినట్లు, యౌవనస్థులను చేయిపట్టి తెచ్చి పనిలో నిలిపి, తాము ప్రక్కకు జరుగుట నేర్చుకొనవలెను. కాపరులమైన మాకును ఇది వర్తించును.

శ్రమకు భయపడి చేయు మార్పు, ఆశకు లోబడి చేయు మార్పు మనలను ఎక్కడికి చేర్చునో చూచితిమి. వాక్యముతో పరీక్షించి, ఇంటివారితో ఏకమై, మొదట ఉన్నచోట నమ్మకముగా ఉండి, ఇచ్చుటకై బయలుదేరినవాని అడుగు తప్పినను, దేవుడు దానిని వ్యర్థము కానియ్యడు. బార్న్‌స్టేపుల్ మేస్త్రి, బూట్లు కుట్టువాడు మన గోదావరి ఒడ్డుకు వచ్చుట అందుకు సాక్ష్యము. ఈ శతాబ్ది సంవత్సరములో మన మండలమందలి ప్రతి కుటుంబము ఒక సాయంకాలము కుటుంబ ప్రార్థనలో కూడి, మనము మార్చుకొనవలసినది ఏది, మార్చుకొనక నిలుపుకొనవలసినది ఏది అని దేవుని సన్నిధిని విచారించుకొనును గాక.